రెండు మణుగుల వెండి

మొలకలపాలెంలో కిలోలు అందరికంటే ముందు నేర్చుకున్నది రెబెక్కమ్మ. బడిపంతులు కాదు, కరణం కాదు, కట్టుకున్న మొగుడు అసలే కాదు. అక్షరం ముక్క రాని రెబెక్కమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వాకాడుకు పోయి అమ్ముకొచ్చే మనిషి నేర్చుకోక ఏం చేస్తుంది? పందొమ్మిది వందల అరవై రెండు ఏప్రిల్ నుంచి వీసె గుండు పెట్టి అమ్మితే గుండు లాక్కుపోతామని సర్కారువాళ్ళు దండోరా వేయించారు. ఆమె ఒక్క సంతలో తేల్చేసింది. వీసె నెత్తళ్ళు తూచి, అందులోంచి మూడు దోసిళ్ళు వెనక్కి తీసుకుంటే మిగిలేది కిలో. దీనికింత గోల దేనికో ఆమెకు అర్థం కాలేదు.

గోలంతా ఆమె మొగుడిది. పేరు సమాధానం, అంటే శాంతి, గాని ఆ ఏప్రిల్ మొదలు మూడు నెలలూ ఆ మనిషికి కుదురన్నది లేదు. వాకాడులో కామాక్షయ్యగారి వడ్ల మండీలో ముప్పై రెండేళ్ళుగా కాటా వేసేది ఆయనే. మొదటి తూకానికి ఒకటి అనకుండా 'లాభం' అని, ఆ తర్వాత రెండు, మూడు అంటూ ఆయన రాగం తీస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి వినేవాళ్ళు. బస్తాను ఒంటిచేత్తో కదిలించి ఎన్ని వీసెలో చెప్పేవాడు. కాటా మీద పెడితే అరవీసె తేడా వచ్చేది కాదు. అట్లాంటి మనిషి ముందు సర్కారు ముద్ర కొట్టిన కొత్త గుళ్ళు పెడితే, ఏ గుండు ఏదో తెలియక పొద్దుటి పూటంతా తడుముకున్నాడు. మండీలో కుర్ర గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ అని ఊరుకోవచ్చు కదా! ఇంటికొచ్చి అన్నం మానేశాడు.

"నలభై పలాలు వీసె, ఎనిమిది వీసెలు మణుగు. ఎంత ముచ్చటైన లెక్క! దాన్ని చెడగొట్టి వెయ్యి గ్రాములంట! ఎవుడికి పుట్టిన బుద్ధో!"

"ఎవుడికి పుడితే నీకేందయ్యా? రా, ఇట్టా కూర్చో," అని రెబెక్కమ్మ ఆయన ముందు నెత్తళ్ళు కుప్పపోసి, మూడు దోసిళ్ళు తీసి చూపించింది. వారం తిరిగేసరికి దారికొచ్చాడు. పెళ్ళాన్ని మెచ్చుకున్నాడా అంటే, అబ్బే, "ఏదో ఉజ్జాయింపు" అన్నాడు. ఆ మెప్పుకు ఆమె ఎప్పుడో అలవాటుపడిపోయింది.

నిజానికి ఆయన బెంగ మండీ గురించి కాదు. ఆయనకొక నోటుబుక్కు ఉంది. పద్దెనిమిదేళ్ళ నోటుబుక్కు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు లేఖనాలు చెప్పేది ఆయనే. ఒకసారి ఒక పిల్ల లేచి, ఐదు వేల తులాల కవచమంటే ఎంత బరువు తాతా అని అడిగింది. ఇంకొకరైతే చాలా బరువమ్మా అని ఊరుకుందురు. కాటా వేసే మనిషి ఊరుకుంటాడా? నలభై ఒక్క వీసె పైన, ముగ్గురు మనుషులు పట్టాలి అని చెప్పి, ఇంటికొచ్చి రాసిపెట్టుకున్నాడు. అది మొదలు. ఆ పాతకాలపు యూదులు తూచిన బంగారం, వెండి, ఇత్తడి, తైలంలో వేసే సుగంధ ద్రవ్యాలు, లేఖనాల్లో తులమని ఉన్నచోటల్లా, మణుగని ఉన్నచోటల్లా వెతికి వెతికి వీసెల్లోకి దించాడు. పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలని గులకరాళ్ళు అరగదీసి తులం రాళ్ళు, అరతులం రాళ్ళు తయారుచేశాడు. ఆ అరగదీతకు రెబెక్కమ్మ కారం నూరుకునే బండ పాడైపోయింది. ఆ సంగతి ఎత్తితే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నెల్లూరు నుంచి ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చే పాదిరిగారు సంజీవరావుగారు కిందటి క్రిస్మసుకు ఆ పుస్తకం చూసి ముచ్చటపడ్డారు. "ఇది అచ్చు వేయిద్దాం సమాధానం. అన్ని ఊళ్ళ ఆదివారపు బళ్ళకూ పనికొస్తుంది. కాకపోతే ఇకమీదట పిల్లలకు వీసెలు తెలియవు. కిలోల్లో రాసియ్యి," అన్నారు. ఊరికే అనడం కాదు, తర్వాత జాబు కూడా రాశారు. యూదుల దేశంలో మట్టి తవ్వితే పాత తులం రాళ్ళు దొరికాయట. తూచి చూస్తే ఒక్కోటి పదకొండున్నర గ్రాములకు రవంత తక్కువ తూగిందట. మన బజారు తులం కూడా ఇంచుమించు అంతే. ఆ జాబు చదువుకుని సమాధానం ఇంట్లో చిందులు తొక్కినంత పనిచేశాడు.

"మన తులమే మే రెబెక్కా! మూడు వేల ఏండ్ల నాడు ఆ మనుషులు తూచింది మన తులమే!"

తులం మనదైతే మణుగు మాత్రం ఎక్కడికి పోతుంది? ఎనిమిది వీసెల మణుగే పట్టుకుని, మణుగుకు పదకొండు కిలోల మూడు వందల నలభై గ్రాముల చొప్పున పుస్తకమంతా తిరగరాశాడు. అచ్చాఫీసులో జూలై నెలలో ఖాళీ ఉందనీ, ఆదివారం వచ్చి పుస్తకం తీసుకుపోతాననీ పాదిరిగారు కబురు పంపారు.

ఆ పుస్తకం అచ్చు కావాలని ఆయనకెంత ఉందో, రెబెక్కమ్మకు అంతకు రెండింతలుంది. చదువుకోవడానికి కాదు. ముప్పై రెండేళ్ళు తలెత్తుకు తిరిగిన మనిషి నాలుగు ఇనప గుళ్ళ ముందు తలొంచుకోవడం ఆమె చూసింది. కిలోల పుస్తకం మీద కాటా సమాధానం పేరు పడితే, ఆ నవ్విన గుమాస్తాలే వచ్చి అన్నా ఒక పుస్తకం ఇయ్యి అని అడగాలి. అది కళ్ళారా చూస్తే చాలనుకుంది.

బుధవారం పొద్దు వాలే వేళ ఆమె వాకిట్లో చాప మీద చేపలు తిరగేస్తోంది. ఆయన గడపలో కూర్చుని, పాదిరిగారికి ఇచ్చేముందు ఒకసారి సరిచూసుకోవాలని పుస్తకం పైకి చదువుతున్నాడు. కుష్ఠు నయమైన సేనాధిపతి కథ దగ్గరికొచ్చాడు. నయం చేసిన ప్రవక్త ఏమీ పుచ్చుకోకుండా పంపించేస్తే, ఆ ప్రవక్త దగ్గర పనిచేసేవాడు ఆశకొద్దీ వెనక పరిగెత్తి, అబద్ధమాడి వెండి అడుగుతాడు. సేనాధిపతి రెండు మణుగుల వెండి రెండు సంచుల్లో కట్టించి, ఇద్దరు పనివాళ్ళ మీద పెట్టించి పంపిస్తాడు.

"ఒక్కో సంచీ పదకొండు కిలోల మూడు వందల నలభై గ్రాములు," అని చదివి, పక్కన టిక్కు పెట్టాడు.

రెబెక్కమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "ఒక్కో మనిషికి ఒక్క సంచేనా అయ్యా?"

"ఒక్కటే. ఇద్దురూ చెరొకటీ మోసుకుంటా ముందు నడిచినారు."

"గట్టి మనుషులేనా?"

"సేనాధిపతి కాడ పనిచేసేటోళ్ళు మే. గట్టోళ్ళు గాక ఉబ్బసం మనుషులా?"

ఆమె తలొంచుకుని చేపలు తిరగేసింది గాని నవ్వూ భయమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. పదకొండు కిలోలు! పదకొండు కిలోలు చంకన పెట్టుకుని ఆమె ఇంకో చేత్తో నీళ్ళ బిందె దించుతుంది. దానికి ఇద్దరు మగవాళ్ళు, అందులోనూ యుద్ధాలు చేసేవాడి పనివాళ్ళా? రెండు సంచులూ కలిపినా ఒక్క మనిషి బరువు కాదే! లెక్క తప్పు. ఎక్కడ తప్పో ఆమెకు తెలియదు, తప్పని మాత్రం మెడ నరాలు చెబుతున్నాయి.

చెప్పాలా, వద్దా? చెబితే ఆ పుస్తకం ఆదివారానికి తయారు కాదు. చెప్పకపోతే ఆయన పేరు మీద తప్పు అచ్చవుతుంది. ఎవడో చదువుకున్నవాడు పట్టుకుంటాడు, మళ్ళీ నవ్వుతారు, ఈసారి జిల్లా అంతా నవ్వుతారు. ఆ రాత్రి ఆయన గుర్రుపెట్టి నిద్రపోయాడు గాని ఆమెకు కన్ను మూతపడితే ఒట్టు.

గురువారం ఉప్పుకు పోయినప్పుడు జతమనిషి మాలకొండమ్మకు చెప్పింది. ఇద్దరూ పాతికేళ్ళుగా కలిసి చేపల గంపలు మోసినవాళ్ళు, ఒకరికి తెలియని గుట్టు ఇంకొకరికి లేదు. మాలకొండమ్మ అంతా విని బుగ్గ నొక్కుకుంది.

"చెప్పబాకు అక్కా! మీ ఆయన అలిగితే నెల రోజులు. ఆ కాలం మొగోళ్ళు సుకుమారులేమోలే."

"సుకుమారులు యుద్ధాలెట్టా చేసినారే?"

"మనకెందుకక్కా? పుస్తకం చదివేటోళ్ళు గంపలు మోస్తారా ఏంది, వాళ్ళకు తెలిసి చావడానికి?"

ఆ మాట రెబెక్కమ్మకు ఎక్కడో తగిలింది. చదివేవాళ్ళకు తెలియదు, నిజమే. తెలిసినదాన్ని తానొక్కతే. తెలిసి నోరు మూసుకుంటే అది మొగుణ్ణి కాపాడటమా, మోసం చెయ్యడమా? ఇంటికి రాగానే అన్నం కూడా పెట్టకుండా చెప్పేసింది.

"అయ్యా, ఆ రెండు సంచుల లెక్క తప్పు."

సమాధానం మొదట నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన మొహం ముడుచుకుపోయింది. "ఏంది తప్పు? ఎనిమిది వీసెలు మణుగు గాదా? నాకు నువ్వు నేర్పిస్తావా మణుగు?"

"మణుగు సంగతి నాకు తెలీదు. పదకొండు కిలోలకు మొగోడు అక్కరలేదు. నేను మోసేది దానికి రెండింతలు ఉంటాది."

"నువ్వు! నీ గంప రెండు మణుగులా! ఎండుచేపలు మే అవి, సీసం గాదు. ఐదారు వీసెలు ఉంటే ఎక్కువ."

"ఎప్పుడన్నా తూచినావా?"

"తూచేదేంది? చూస్తే తెలవదా నాకు?"

"చూస్తే తెలస్తాదా!" రెబెక్కమ్మకు కోపం నషాళానికంటింది. ముప్పై రెండేళ్ళు! మండీకి, సంతకు దారి ఒక్కటే. వారానికి మూడు రోజులు ఆయన ముందు గొడుగేసుకుని, ఆమె వెనక గంపతో, ఐదు మైళ్ళు. కాటా వేసే మనిషి బరువు ముట్టకూడదు, మోసిన చేతికి తూకం తెలియదు అని ఆయన తండ్రినాటి నుంచీ ఒక కట్టుబాటు. సరే, పనివాడి చెయ్యి, పాడుచేసుకోకూడదు అని ఆమె ఏనాడూ ఒక చెయ్యి వెయ్యమని అడగలేదు. అడగకపోతే ఐదారు వీసెలంట!

ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. ఆమె కూడా తినలేదు. పంతానికి తానేం తక్కువ?

శుక్రవారం మండీలో జోరుగా తూకాలు సాగుతున్నాయి. రైతులు, బండ్లవాళ్ళు, గుమాస్తాలు అందరూ ఉన్నారు. ఆ మధ్యలోకి రెబెక్కమ్మ గంపతో సహా నడిచొచ్చింది. వడ్ల మండీలోకి ఎండుచేపల కంపు! కామాక్షయ్యగారు పైపంచ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఎవరినీ చూడలేదు. తిన్నగా కాటా దగ్గరికి పోయి, పళ్ళెం మీద గంప దించింది.

"తూకం వెయ్యి," అంది మొగుడితో.

"ఇంటికి పో మే," అన్నాడాయన పళ్ళ బిగువున.

"ఎవురు తెచ్చినా వేస్తావు గదా? నాదీ వెయ్యి."

చుట్టూ అంతమంది చూస్తుంటే ఏం చేస్తాడు? అవతలి పళ్ళెంలో పది కిలోల గుండు పెట్టాడు. గంప కదల్లేదు. ఇంకో పది పెట్టాడు. కదల్లేదు. ఐదు కలిపాడు. కాస్త ఊగి, మళ్ళీ కిందికే దిగింది. ఇంకో రెండు పెడితే ముల్లు నిలబడింది. గంప బరువుతో కలిపి ఇరవై ఏడు కిలోలు. 'లాభం' అని రాగం తీయవలసిన మనిషి గుళ్ళు మళ్ళీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు.

"రెండు మణుగుల మూడు వీసెలు అన్నా!" అన్నాడొక గుమాస్తా నోరెళ్ళబెట్టి. "ఐదు మైళ్ళు మోసుకొచ్చిందా అక్క?"

 రెబెక్కమ్మ చుట్టకుదురు నెత్తిన సర్దుకుని గంప కోసం వంగింది. పాతికేళ్ళ కుర్ర గుమాస్తాలిద్దరు సాయం పట్టబోయి, గంప లేపుతూ "అమ్మో" అన్నారు. ఆమె సంతకు పోయింది. గెలిచానన్న సంతోషం లేదు సరికదా, ఆయన మొహం గుర్తొచ్చి ఆ రోజు బేరం కూడా సరిగ్గా చెయ్యలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి ఆయన అప్పటికే వచ్చి లేఖనాలు ముందేసుకుని కూర్చున్నాడు. పలక, బలపం. నేల మీద కూడా సుద్దతో అంకెలు. ఆమెను చూడగానే గబుక్కున లేచాడు.

"ఇట్టా రా మే. విను. ఒకచోట మొగోళ్ళ తలలు లెక్కపెట్టి, తలకు అరతులం వెండి వసూలు చేసినారు. ఆరు లక్షల మూడు వేల ఐదు వందల యాభై మంది. సగం వేస్తే ఎన్ని తులాలు? మూడు లక్షల పదిహేడు వందల డెబ్బై ఐదు. సరేనా? ఆ వెండి మొత్తం నూరు మణుగుల పదిహేడు వందల డెబ్బై ఐదు తులాలు అయిందని వాళ్ళే రాసినారు. పై చిల్లరకు చిల్లర పోయింది. మిగిలింది?"

"నాకేం తెల్సు? నువ్వే చెప్పు."

"మూడు లక్షల తులాలు నూరు మణుగులు. అంటే మణుగుకు మూడు వేల తులాలు! మన మణుగుకు వెయ్యి గూడా లేవు. తొమ్మిది వందల అరవై. వాళ్ళ మణుగు మనదానికి మూడింతలు మే. ముప్పై నాలుగు కిలోలు!" ఆయన పలక కింద పెట్టేశాడు. "గూడూరు టేసన్‌లో రైలోళ్ళ మణుగు వేరు, మన మణుగు వేరు. ఊరు మారితే మణుగు మారతాదని నేనే నలుగురికి చెప్పేటోణ్ణి. ఎవురి మణుగు అని పద్దెనిమిదేండ్లలో ఒక్కసారి అడగలేదే నేను!"

తులం కలిసేసరికి కళ్ళు మూసుకుపోయాయి, పాపం. రెబెక్కమ్మకు ఆయన్ని ఓదార్చాలనిపించింది, ఎట్లా ఓదార్చాలో తెలియక పళ్ళెంలో అన్నం పెట్టింది. ఇద్దరూ నిన్నటి ఆకలి కూడా తీరేలా తిన్నారు.

శనివారం పొద్దున్నే ఆయనకు ఇంకో పురుగు తొలిచింది. పలక మీద ముప్పై నాలుగు వచ్చింది, బాగానే ఉంది. మనిషి నెత్తిన పెట్టి చూస్తే? ఒక మనిషి మోయగలగాలి, ఒక్కడు రెండు మోయలేకపోవాలి. అప్పుడే ఇద్దరు పనివాళ్ళు ఎందుకో తేలుతుంది. సంచీలో ఉప్పు పోసి, మాలకొండమ్మ ఇంటి త్రాసులో విడతలు విడతలుగా తూచి, ముప్పై నాలుగు కిలోలకు కట్టాడు.

"ఎవురిచేతన్నా మోయించి చూడు," అంది రెబెక్కమ్మ.

"నేనే మోస్తా."

"నీకేమన్నా పిచ్చా? అరవై ఒక్కేండ్లు నీకు! కాటా చెయ్యి..."

"సర్కారు గుళ్ళు వచ్చినాక చేతితో ఎవుడు అడగతాడే తూకం? ఎత్తండి."

ఆడవాళ్ళిద్దరూ అటొకరు ఇటొకరు పట్టి సంచీని ఆయన నెత్తికెత్తారు. చెప్పొద్దూ, మనిషి ఒక్కసారిగా జానెడు పొట్టివాడైపోయినట్టు కనిపించాడు. కళ్ళు బయటికొచ్చాయి. మెడ ఎటూ తిప్పలేక, చేతులు రెండూ సంచీకి ఆనించి, వాకిలి దాటాడు, వీధి దాటాడు. తాము ఆరాధనకు పోయే గుడి మెట్టు దాకా పోవాలని పంతం. ఎనభై అడుగులుంటుంది. వెనకాల రెబెక్కమ్మ "దించయ్యా, నీకు దణ్ణం పెడతా దించు" అని మొత్తుకుంటోంది. మెట్టు దగ్గర మోకాళ్ళు మడతపడి, సంచీతో సహా కూలబడ్డాడు. ఆమె పరిగెత్తి పోయి చూస్తే, పిగిలిన సంచీ ఉప్పులో కూర్చుని చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు.

"సరిపోయింది మే! ఒక్కడు ఒక్కటే మోస్తాడు! రెండోది మోయలేడు! సరిగ్గా సరిపోయింది!"

ఆదివారం ఆరాధన అయ్యాక పాదిరిగారు నలుగురి ముందూ పుస్తకం కోసం చెయ్యి చాపారు. సమాధానం లేచి నిలబడ్డాడు. మెడ పట్టేసి ఎటూ తిరగడం లేదు.

"అయ్యగారూ, ఇది అచ్చుకు పనికిరాదు. మణుగంతా తప్పు. పద్దెనిమిదేండ్లు ఈ గుడిలో పిల్లకాయలకు తప్పు చెప్పినా," అని మొదలుపెట్టి ఒక్కటి దాచకుండా అంతా చెప్పాడు. పాదిరిగారు సంచీలోంచి తన ఇంగ్లీషు పుస్తకం తీసి, అటూ ఇటూ తిరగేసి, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు.

"డెబ్బై ఐదు పౌన్లని ఉందిక్కడ. ముప్పై నాలుగు కిలోలే! నేను కూడా చూసుకోలేదు సమాధానం. నీ లెక్క కదా అని నమ్మేశాను. తప్పెవరు పట్టారు?"

మెడ తిరగదు కాబట్టి ఆయన ఒళ్ళంతా తిప్పి, ఆడవాళ్ళ వైపు చెయ్యి చూపించాడు. రెబెక్కమ్మ కొంగు మొహాన కప్పుకుని ఈ గుడికి రాని మాలకొండమ్మ తోడు లేక, పక్కనున్నామె వెనక దాక్కుంది.

"నీకెట్లా తెలిసిందమ్మా?" అన్నారు పాదిరిగారు.

"మెడకు తెలిసింది అయ్యగారూ," అంది కొంగులోంచి.

ఎవరూ నవ్వలేదు. పాదిరిగారు, అచ్చాఫీసువాళ్ళు ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడాది దాకా పట్టుకోరని, పోనీ ఆ మణుగు పేజీలు తీసేసి తులాల వరకే వేయిద్దామా అని అడిగారు. సమాధానం ఒప్పుకోలేదు. అరవై చిల్లర చోట్ల మార్చాలి, ఒక్కోటీ తూచినట్టు చూసుకోవాలి, ఏడాది పట్టినా సరే అన్నాడు. పాదిరిగారు పుస్తకాన్ని రెండు చేతులతో ఆయనకు తిరిగిచ్చారు. రెబెక్కమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడాది అంటే ఏడాది. ఎవరు బతుకుతారో ఎవరు పోతారో! తన నోరే ఇంత పని చేసిందే అనుకుంది. కానీ ఆయన నడక చూస్తే ఓడిపోయినవాడి నడకలా లేదు.

మధ్యాహ్నం అరుగు మీద ఆయన్ని కూర్చోబెట్టి ఆముదం వెచ్చచేసి మెడకు రాసింది. ఆయన ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్సిలు. ఆదివారం పూట కూడా ఊరుకోడు కదా! గొణుక్కుంటూ లెక్క వేసుకుంటున్నాడు.

"దేవుడి గుడారానికి వాడిన బంగారం ఇరవై తొమ్మిది మణుగుల ఏడు వందల ముప్పై తులాలు. కొత్త లెక్కలో ఇంచుమించు వెయ్యి కిలోలు వస్తాంది మే." అని, పెన్సిలు ఆపాడు. "నువ్వు వారానికి ఎన్ని గంపలు మోస్తావు?"

"మూడు. నీకు తెలీదా ఏంది?"

"వానలు, జబ్బులు తీసేస్తే ఏడాదికి నూట యాభై. ఇరవై ఏడు చొప్పున..." పెన్సిలు కదిలింది, మళ్ళీ ఆగింది. "నాలుగు వేల యాభై కిలోలు. ఒక్క ఏడాదికి. నాలుగు గుడారాల బంగారం మే. అంత బంగారం మోసేదానికి ఆ కాలంలో ఎన్ని ఎడ్లబండ్లు కట్టినారో! నువ్వు నా ఎనకాలే మోసుకొస్తాండావు, ఏడాదేడాదీ, నేను గొడుగేసుకుని..."

ఆయన వీపు కదులుతుంటే మొదట దగ్గనుకుంది. ముందుకు వంగి చూస్తే ఏడుస్తున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఆయన ఏడవగా చూసింది ఒక్కసారి, వాళ్ళమ్మ పోయిన రోజున.

"ముప్పై రెండేండ్లకు ఎంతో వేద్దామంటే చెయ్యి రావడం లేదే రెబెక్కా. ఈ లెక్క నేను వెయ్యలేను."

రెబెక్కమ్మ ఆముదం చేతులతోనే ఆయన తల పట్టుకుని గుండెకు ఆనించుకుంది. పట్టపగలు, వీధి అరుగు మీద. చూసేవాళ్ళు చూసుకోనీ.

"వెయ్యి," అంది. "ఊరందురి వడ్లూ తూచినావు. నాది మాత్రం ఎందుకు ఇడిచిపెడతావు? వెయ్యాల్సిందే."

ఆయన కళ్ళు తుడుచుకుని, పెన్సిలు మొన నాలుకకు తడుపుకుని, మెల్లగా ఒక్కో అంకె వేశాడు. రెండుసార్లు సరిచూసుకున్నాడు.

"నూట ఇరవై తొమ్మిదిన్నర గుడారాలు," అన్నాడు.

"అంతేనా?" అంది రెబెక్కమ్మ. "ఇంకా శానా ఎక్కువే అనుకుంటినే!"